త్రూఅవుట్ సిక్స్టీ లేనివాళ్లు

ఐసెట్ ర్యాంకులు వచ్చిన వారంలో మా మండలంలో ఏ ఊరికి వెళ్లినా ఒక ప్రశ్న నన్ను పక్కకు తీసుకెళ్లి మరీ అడుగుతారు. "బాబాయ్, డిగ్రీలో పర్సంటేజీ తక్కువ. మంచి కాలేజీలో ఎంబీఏ సీటు వస్తుందా?" అడిగేవాడి గొంతు ఆ "తక్కువ" దగ్గరకు వచ్చేసరికి సగానికి పడిపోతుంది. పక్కన వాళ్ల నాన్న ఉంటే ఆ మాట కూడా రాదు. మెమో జిరాక్సు మడిచి చేతిలో పెడతారు, చూసుకోమని.

మా ముండ్లమూరు దర్శికీ అద్దంకికీ మధ్య ఉంది. 2024 డిసెంబరులో రెండు మూడు రోజులపాటు భూమి కంపించినప్పుడు రాష్ట్రమంతా మా పేరు విన్నది. బడిపిల్లలు బయటికి పరుగెత్తారని టీవీల్లో చూపించారు. అలాంటిదేదో జరిగితే తప్ప ఇక్కడి పిల్లల చదువుల గురించి మాట్లాడేవాళ్లు ఉండరు. అందుకే నేను మాట్లాడదలుచుకున్నాను. తక్కువ మార్కులకంటే, ఆ మార్కుల గురించి నోరు విప్పలేకపోవడమే మన పిల్లల్ని ఎక్కువ దెబ్బతీస్తోందని నా గట్టి నమ్మకం.

ముందు ఒక భ్రమ తీసేయాలి. "త్రూఅవుట్ సిక్స్టీ, నో బ్యాక్‌లాగ్స్" అనేది క్యాంపస్ సెలక్షన్లకు వచ్చే కంపెనీలు పెట్టుకున్న షరతు. టెన్త్ నుంచి బీటెక్ దాకా ఎక్కడా అరవై తగ్గకూడదన్నమాట. ఇంజినీరింగ్ కాలేజీల నోటీసు బోర్డుల మీద నాలుగేళ్లు ఆ మాటే చూసి చూసి, లోకంలో ప్రతి తలుపు మీదా అదే రాసి ఉంటుందని పిల్లలు అనుకుంటున్నారు. ఎంబీఏకి ఆ షరతు లేదు. మన ఐసెట్‌కు డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, రిజర్వేషన్ వర్గాలకు 45. పరీక్ష 200 మార్కులకు. అందులో 50 వస్తే అర్హత వచ్చినట్టే, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. తప్పు రాస్తే కోతా లేదు. ఐఐఎంలకు రాసే క్యాట్‌కూ అర్హత 50 శాతమే, ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు 45.

ఈ అంకెల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మనవాళ్లు జారిపడేది ఇక్కడే. బీటెక్‌లో 5.7 సీజీపీఏ వచ్చిన అమ్మాయిని తీసుకోండి. పదితో గుణిస్తే 57 శాతం, ధైర్యంగానే ఉంటుంది. కానీ యూనివర్సిటీ తన నిబంధనల్లో సీజీపీఏలోంచి 0.75 తీసేసి పదితో గుణించాలని రాసి ఉంటే అదే అమ్మాయిది 49.5 అవుతుంది. క్యాట్ వాళ్లు యూనివర్సిటీ సూత్రం ఉంటే దాన్నే వాడమంటారు. ఆ అమ్మాయి బీసీ అయితే ఐసెట్‌కు 45 చాలు కాబట్టి ఇబ్బంది లేదు. క్యాట్‌కు వచ్చేసరికి బీసీకి ఆ సడలింపు లేదు, 50 ఉండి తీరాలి. అరశాతం దగ్గర ఒక దారి మూసుకుపోతుంది, ఇంకో దారి తెరిచే ఉంటుంది. ఈ సంగతి బీటెక్ రెండో ఏడాదిలోనే చెప్పే మనిషి ఒకరుంటే, మిగతా సెమిస్టర్లలో ఒకటో రెండో సబ్జెక్టులు గట్టిగా చదివి ఆ అరశాతం సంపాదించుకునేది. చెప్పేవాళ్లు లేక చివర్లో తెలుస్తుంది. ఇంటర్ దాకా ప్రతి మార్కునూ తరిచి చూసిన తల్లిదండ్రులు కూడా బీటెక్‌లో చేర్చాక "పాసైతే చాల్లే" అనేస్తారు.

అర్హత ఒక ఎత్తు, ఎంపిక ఇంకో ఎత్తు. ఈ రెండూ ఒకటి కాదు. అహ్మదాబాద్ ఐఐఎం క్యాట్ స్కోరుతో పాటు పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులకు విడివిడిగా రేటింగ్ వేసి, అన్నీ కలిపి చూసుకుంటుంది. బెంగళూరు ఐఐఎం కూడా పాత మార్కులను లెక్కలోకి తీసుకుంటుంది. క్యాట్‌లో 99 పర్సంటైల్ తెచ్చుకున్నవాడిని కూడా పదిహేనేళ్ల వయసులో రాసిన పరీక్ష వెంటాడే చోట్లు ఉన్నాయి. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. పదో తరగతిలో లెక్కల టీచరు ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి మారిపోయే మార్కులను ఇరవై రెండేళ్ల మనిషి తెలివికి కొలతగా పట్టుకోవడంలో న్యాయం ఎక్కడుంది? కానీ నియమం అది. దాన్ని తిడుతూ కూర్చుంటే నవంబరు వచ్చేస్తుంది, క్యాట్ వెళ్లిపోతుంది. అన్ని కాలేజీలూ ఒకే కొలత వాడవు. ఏ కాలేజీ దేనికి ఎంత విలువ ఇస్తుందో వాళ్లే ఏటా ప్రకటిస్తారు. అప్లికేషన్ ఫీజు కట్టేముందు ఆ ప్రకటన ఒక్కసారి చదివితే, ఎక్కడ మన పాత మార్కులు తక్కువ బరువు తూగుతాయో తెలిసిపోతుంది.

అమెరికా వైపు చూసేవాళ్లకు లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడి బిజినెస్ స్కూళ్లు చేరినవాళ్ల సగటు జీపీఏ, జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు బయటపెడతాయి. యూఎస్ న్యూస్ లాంటి పత్రికల ర్యాంకింగుల్లో ఆ సగటులకు వాటా ఉంది. తక్కువ జీపీఏ వాడిని తీసుకుంటే ఆ స్కూలు సగటు కాస్త తగ్గుతుంది. అందుకే దాన్ని పూడ్చేంత జీమ్యాట్ స్కోరు, కొన్నేళ్ల గట్టి ఉద్యోగం చూపించమంటారు. దాంతోపాటు, కావాలనుకుంటేనే రాసే ఒక చిన్న వ్యాసానికి చోటు ఇస్తారు. నీ చదువులో ఎక్కడైనా మచ్చ ఉంటే ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పు అని దాని అర్థం. 2001లో హైదరాబాదులో మొదలైన ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూలు కూడా తన ప్రధాన కోర్సుకు కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది. చదువు ముగిశాక మనిషి ఏం చేశాడో చూడాలన్న ఆలోచన ఇందులో ఉంది. తక్కువ మార్కులవాడికి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది? మార్కులు మారవు కానీ, ఆ తర్వాత ఏం చేశామన్నది మన చేతుల్లో ఉంది.

చిక్కంతా "నీ మాటల్లో చెప్పు" అన్నచోట వస్తుంది. మన ఇళ్లలో ఫెయిలవడం అనేది చుట్టాలకు తెలియకూడని విషయం. సప్లిమెంటరీ ఫీజు కట్టేది తల్లికి తెలుస్తుంది, తండ్రికి తెలియదు. తండ్రికి తెలిస్తే పెదనాన్నకు తెలియనివ్వరు. పెళ్లిలో ఎవరైనా "ఏం చదువుతున్నావబ్బాయ్" అంటే తల్లే ముందుగా అందుకుని "అయిపోవచ్చింది" అంటుంది. ఇలా పెరిగినవాడిని తీసుకెళ్లి ముగ్గురు పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి, నాలుగో సెమిస్టర్‌లో ఏమైంది అని అడిగితే తల వంచుకుంటాడు. మౌనాన్ని వాళ్లు ఎలా అర్థం చేసుకోవాలి? బద్ధకమనో, చేతకాదనో అనుకుంటారు. నిజం ఇంకేదో అయి ఉంటుంది, అది ఆ గది దాకా రాదు.

మాకు తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు. బీకాం. యాభై రెండు శాతం. మూడో సెమిస్టర్ దాకా మార్కులు బాగానే ఉన్నాయి, నాలుగులో ఒకేసారి మూడు సబ్జెక్టులు పోయాయి. ఐదు, ఆరు సెమిస్టర్లలో మళ్లీ లేచాడు, ఆ మూడూ మొదటి సప్లిమెంటరీలోనే పాసయ్యాడు. ఇంటర్వ్యూకు తయారవుదామని వచ్చినప్పుడు నేను అడిగాను.

"నాలుగో సెమ్‌లో ఏందబ్బాయ్ ఇది?"

"చదవలేదు బాబాయ్."

"ఎందుకని?"

చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆ ఏడు బ్యారన్ నేనే కాల్చినా," అన్నాడు.

ఈ మాట మా వైపు వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, ఇతరులకు చెప్పాలి. వర్జీనియా పొగాకు జనవరి నుంచి మార్చి దాకా కోతకొస్తుంది. కోసిన ఆకు కర్రలకు కట్టి బ్యారన్‌లోకి ఎక్కించి, కింద కట్టెల మంట పెట్టి రోజుల తరబడి ఎండబెడతారు. మొదట సన్నని వేడిమీద ఆకు పసుపు రంగుకు తిరగాలి. తర్వాత వేడి పెంచుతూ పోయి ఆకు, ఆ తర్వాత ఈనె ఎండాలి. మధ్యలో మంట తగ్గినా పెరిగినా రంగు చెడుతుంది, రంగు చెడితే గ్రేడు పడిపోతుంది, గ్రేడు పడిపోతే ఆ ఏడాది సంసారమే పడిపోతుంది. అందుకని రాత్రుళ్లు థర్మామీటరు చూస్తూ, కట్టెలు ఎగదోస్తూ ఒక మనిషి మేలుకుని ఉండాలి. ఆ ఏడు తండ్రికి నడుం పట్టేసింది. కొడుకు రాత్రంతా బ్యారన్ దగ్గర, పొద్దున నిద్ర. కాలేజీలో అటెండెన్సు 75 శాతం లేదని కండొనేషన్ ఫీజు కట్టాడు. పరీక్షలు రాశాడు, మూడు పోయాయి.

మరి ఇది ఎందుకు చెప్పవు అంటే, "పల్లెటూరి మాటలు అక్కడేం చెప్తాం బాబాయ్" అన్నాడు.

నాకు ఇక్కడ కోపం వచ్చింది, వాడి మీద కాదు. వ్యాపారం నేర్పే కాలేజీలోకి వెళ్లబోయే కుర్రాడికి తన ఇంట్లో జరిగేది వ్యాపారమని ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు బీకాం చదివాడు. పుస్తకాల్లో వర్కింగ్ క్యాపిటల్ అన్న పాఠం చదివాడు, రాశాడు. పొగాకు వేలం కేంద్రంలో తండ్రి పక్కన నిలబడి చేసే లెక్క అదేనని ఏ మాస్టారూ జత కలిపి చూపించలేదు.

అందుకని ఇంటర్వ్యూ సంగతి పక్కనపెట్టి వేలం గురించి అడిగాను. కుర్రాడు మారిపోయాడు. అడుగాకుకు, నడిమాకుకు, కొన ఆకుకు ధర ఎందుకు తేడా వస్తుందో చెప్పాడు. చెమ్మ ఎక్కువైన బేలు ఎలా బయటపడుతుందో చెప్పాడు. కొనేవాడు లేక నోబిడ్ అయిన బేలును ఇంటికి తిప్పి తెచ్చుకుంటే బండి కిరాయి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పాడు. 2025లో పొదిలి వైపు రైతులు ధరల కోసం రోడ్డెక్కినప్పుడు పేపర్లు రాసినదానికంటే వాడు చెప్పింది నాకు బాగా అర్థమైంది. నోబిడ్ అయినప్పుడు, తక్కువ ధరకైనా అమ్మేయాలా, ఆగాలా అని అడిగాను.

"కిలో రెండొందలు అనుకో బాబాయ్. ఎరువుల కొట్టులో బాకీ రెండు రూపాయల వడ్డీ. నెల ఆగితే కిలోకి నాలుగు రూపాయలు వడ్డీకే పోతాయి. పైగా తరుగు. నెల తర్వాత రెండొందల ఏడో ఎనిమిదో వస్తుందని నమ్మకముంటేనే ఆగాల. లేకుంటే ఇవాళే వదిలించుకోవాల. మా నాన్న ఆగుతాడు, నేను వద్దంటా."

నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ వడ్డీ మీద నిర్ణయం తీసుకుంటూ పెరిగిన కుర్రాడు, ఆగడానికి అయ్యే ఖర్చును నోటిలెక్కగా చెప్పగలిగిన కుర్రాడు, మూడు సబ్జెక్టులు పోయాయని తల వంచుకు కూర్చున్నాడు. అహ్మదాబాద్ ఐఐఎం 1961లో మొదలైనప్పుడు హార్వర్డ్ బిజినెస్ స్కూలు సాయంతో మొదలైంది. అక్కడినుంచి తెచ్చుకున్న బోధన పద్ధతి కూడా ఇదే: ఒక వ్యాపారి ఇరుకున పడ్డ సందర్భాన్ని కాగితం మీద ఇచ్చి, నువ్వైతే ఏం చేస్తావని తరగతిలో అందరినీ అడగడం. ఆ తరగతిలో తొంభై శాతం మార్కులవాడు పుస్తకంలోంచి మాట్లాడతాడు. వీడు వేలం కేంద్రంలోంచి మాట్లాడగలడు. ఇద్దరూ ఉంటేనే ఆ తరగతికి అర్థం.

ఆ రోజు వాడిచేత ఒక పేజీ రాయించాను. ఆ ఏడు ఏం జరిగిందో నాలుగు వాక్యాలు. తర్వాత తానేం చేశాడో, ఏ నెలలో సప్లిమెంటరీ రాశాడో, చివరి రెండు సెమిస్టర్ల మార్కులు ఎంతో. బ్యారన్ దగ్గర ఏం నేర్చుకున్నాడో. అంతే. ఎక్కడా దీనంగా ఉండకూడదన్నాను. తండ్రి నడుంనొప్పి గురించి ఒక్క ముక్క చాలు, దానిమీద జాలి పుట్టించే ప్రయత్నం చేస్తే చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

కష్టాలు లేకుండానే మార్కులు పోగొట్టుకున్నవాళ్లూ ఉంటారు. ఫోను, సినిమాలు, స్నేహితులు, ఊరికే తిరగడం. అలాంటివాడు ఇంకొకరి కథ అరువు తెచ్చుకుని అమ్మకు ఒంట్లో బాగాలేదని రాయడం నేను చూశాను. అది వద్దు. పద్దెనిమిదేళ్లప్పుడు చదువంటే లక్ష్యం లేదు, ఇరవై ఒకటికి బుద్ధి వచ్చింది, ఆ వచ్చిందనడానికి రుజువు ఇదీ అని చెప్పాలి. రుజువు లేకపోతే తయారు చేసుకోవాలి. ఎన్‌పీటీఎల్‌లో అకౌంటింగ్‌దో స్టాటిస్టిక్స్‌దో ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి, సెంటరుకు వెళ్లి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు రాస్తూ రెండేళ్లు గడపొచ్చు. అదీ అనుభవమే. పాత మార్కులు తప్పని ఎవరూ నిరూపించలేరు, పాతవి అని మాత్రం నిరూపించవచ్చు.

మా జిల్లాకు పేరిచ్చిన మనిషి ఈ విషయంలో నాకు గుర్తొస్తుంటాడు. టంగుటూరి ప్రకాశం 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్లు పెట్టి పిల్లల్ని సాకింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడనే మాస్టారు చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లాడు. అక్కడ నాటకాల పిచ్చి, అల్లరి సావాసాలు. సెకండ్ గ్రేడ్ ప్లీడరయ్యాడు, రాజమండ్రిలో బాగా పేరూ వచ్చింది, మునిసిపల్ ఛైర్మనూ అయ్యాడు. కానీ ఆ హోదాతో పై కోర్టుల్లో వాదించే వీల్లేదు. ముప్పై దాటాక ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదివి వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఇదంతా స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. నాకు నచ్చేది ఇంకొకటి. తన జీవిత కథ "నా జీవిత యాత్ర"లో ఆ కుర్రతనం నాటి వేషాలను ఆయన దాచుకోలేదు. రాజకీయాల్లో అంత ఎత్తుకు వెళ్లిన మనిషికి వాటిని వదిలేయడం ఎంతసేపు? ఒంగోలులో విగ్రహం ముందు నుంచి రోజూ కాలేజీకి వెళ్లే పిల్లలకు త్యాగం గురించే చెబుతాం. తన గతాన్ని తానే చెప్పుకున్న ఆ తెగువ గురించి కూడా చెబితే బాగుంటుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. తక్కువ మార్కులవాడి భయం మీద బతికేవాళ్లు తయారయ్యారు. ర్యాంకులు వచ్చీ రాగానే ఫోన్లు మొదలవుతాయి. సర్టిఫికెట్లు మాకిచ్చేయండి, సీటు మేం చూసుకుంటాం, కాలేజీకి రాకపోయినా పరవాలేదు, రెండేళ్లకు ఎంబీఏ చేతికొస్తుంది అంటారు. మంచి కాలేజీ ఎలాగూ రాదని ముందే ఒప్పేసుకున్న పిల్లవాడు ఒరిజినల్స్ తీసుకెళ్లి ఇచ్చేస్తాడు. తర్వాత ఇంకెక్కడైనా సీటు వచ్చినా ఆ ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోవడం గగనమవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఫోను చేసిన మనిషి చేతికి ఇవ్వకండి. వెబ్ ఆప్షన్లు మీరే పెట్టుకోండి. ముందు యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలు పెట్టండి. 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టిన ఆంధ్రా యూనివర్సిటీ మనకుంది, నాగార్జున ఉంది, ఒంగోలులోనే ఇప్పుడు ఆంధ్రకేసరి యూనివర్సిటీ ఉంది. హాజరు కానక్కర్లేదనే ఎంబీఏతో ఈ కుర్రాళ్లకు రెండోసారి అదే నష్టం జరుగుతుంది. మొదటిసారి బ్యారన్ వల్ల తరగతికి వెళ్లలేకపోయారు, రెండోసారి వెళ్లొద్దని ఆ ఫోన్లు చేసేవాళ్లే చెబుతున్నారు.

క్యాంపస్ కాలేజీ అని నేను పట్టుబట్టడానికి డబ్బు కూడా ఒక కారణం. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిపోయింది. డిగ్రీ దాకా ప్రభుత్వం ఫీజు కడితే చదివిన పిల్లలు పీజీ ముందు ఆగిపోవడం అప్పుడు మా ఊళ్లలో చూశాం. మగపిల్లలైతే ఏ హైదరాబాదో పోయి ఉద్యోగం వెతుక్కున్నారు. ఆడపిల్లలకు సంబంధాలు చూశారు. ఆ అమ్మాయిల్లో చాలామందికి మార్కులు ఈ కుర్రాళ్లకంటే మెరుగు. వాళ్ల గురించి వేరే రాయాలి.

బీకాం కుర్రాడు ఈ ఏడు క్యాట్ రాస్తున్నాడు, ఐసెట్ ర్యాంకు చేతిలోనే పెట్టుకున్నాడు. క్యాట్ నవంబరు చివర్లో. కబురు వస్తే ఇంటర్వ్యూలు కొత్త ఏడాది మొదటి నెలల్లో ఉంటాయి. అంటే సరిగ్గా బ్యారన్ రోజులు. ఆ పేజీ చూసుకుని మురిసిపోతూ, "ఈసారి నాకు బాధ లేదు బాబాయ్, రాత్రుళ్లు మా తమ్ముడు చూసుకుంటాడు" అన్నాడు. తమ్ముడు డిగ్రీ మొదటి సంవత్సరం, జనవరికి రెండో సెమిస్టర్‌లో ఉంటాడు. నేను ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి, రాత్రికి కూలి ఎంతైనా సరే మూడు నెలలకు మనిషిని మాట్లాడుకోమని వాళ్ల నాన్నతో చెప్పాను. ఆయన ఆ ఖర్చు కిలోకి ఎంత పడుతుందని అడిగాడు. పెద్దవాడు లెక్క వేస్తున్నాడు.